జర్నలిజం ఇంటర్న్‌షిప్ కావాలా? ముందు ఒక వార్త పట్టుకెళ్లండి

నెల్లూరులోనో ఒంగోలులోనో డిగ్రీ చదువుతూ జర్నలిజంలో ఇంటర్న్‌షిప్ చేద్దామనుకునేవాళ్లు ముందు చేసే పని గూగుల్‌లో వెతకడం. వెతికితే హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ సంస్థల పేర్లు వస్తాయి, లేదంటే ఇంట్లో కూర్చుని చేసే 'కంటెంట్ రైటింగ్' పనులు వస్తాయి. సొంత జిల్లా పేరు కొడితే దాదాపు ఏమీ రాదు. అది చూసి ఇక్కడ అవకాశాలు లేవనే నిర్ణయానికి వచ్చేస్తారు. అవకాశాలు ఉన్నాయి, ప్రకటనలే లేవు. జిల్లా స్థాయిలో విలేకరి పనికి నోటిఫికేషన్ ఇచ్చి మనిషిని తీసుకోవడం అరుదు. ఎవరో ఒకరు ఆఫీసుల చుట్టూ, ఊళ్ల చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఆ పనిలో కుదురుకుంటారు. ఆ పద్ధతి ఎలా నడుస్తుందో తెలియకపోతే ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

జిల్లా పేజీ తయారయ్యే తీరు చూడండి. జిల్లా కేంద్రంలో బ్యూరో, అంటే పత్రిక జిల్లా ఆఫీసు ఉంటుంది. అందులో ఒక ఇన్‌ఛార్జి, కొద్దిమంది స్టాఫ్ రిపోర్టర్లు, ఒక ఫొటోగ్రాఫర్ ఉంటారు, వీళ్లకు జీతాలుంటాయి. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి, దర్శి లాంటి చోట్ల, ఇంకా కిందికి వెళ్తే మండలానికొకరు చొప్పున ఉండేది కంట్రిబ్యూటర్లు. ఊళ్లో అందరూ 'విలేకరి' అని పిలిచేది వీళ్లనే. కంట్రిబ్యూటర్ సంస్థ ఉద్యోగి కాదు. అచ్చయిన వార్తల కొలతను బట్టో, నెలకు ఇంత అనో చిన్న మొత్తం వస్తుంది, యాడ్స్ తెస్తే కమీషన్ వస్తుంది, ఆ రెండూ చాలక పక్కన ఇన్సూరెన్స్ ఏజెన్సీయో, ఎరువుల కొట్టో, ప్రైవేటు స్కూల్లో పాఠాలో చూసుకుంటూ ఉంటాడు. పంద్రాగస్టు వచ్చినా, దసరా వచ్చినా, ఎమ్మెల్యే పుట్టినరోజు వచ్చినా యాడ్ టార్గెట్ తలమీద కూర్చుంటుంది. అతను పంపిన వార్త డెస్కుకు చేరుతుంది, అక్కడ సబ్ ఎడిటర్ దాన్ని కుదించి, సరిచేసి, హెడ్డింగ్ పెట్టి పేజీలో సర్దుతాడు. పొద్దున్నే మనం చదివేది అది.

ఇందులో ఇంటర్న్ అనే కుర్చీ ఎక్కడా లేదు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టి పరీక్ష ద్వారా మనుషుల్ని ఎంపిక చేసుకుంటూ వచ్చాయి గానీ, అది డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి వెళ్లే దారి, సెకండియర్ పిల్లవాడు వేసవి సెలవుల్లో చేసే పని కాదు. కాబట్టి బ్యూరో ఇన్‌ఛార్జికి రెజ్యూమె పంపితే జవాబు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన దగ్గర ఇవ్వడానికి పోస్టు లేదు, అడిగినవాళ్లను ఏం చేసుకోవాలో చెప్పే పద్ధతీ లేదు. 'జర్నలిజం అంటే నాకు ప్యాషన్ సార్' అనే మాట ఆయన వందసార్లు విని ఉంటాడు.

అయితే ఇదే ఏర్పాటులో ఒక లోటు కూడా ఉంది. మండల విలేకరికి అన్నిటికన్నా కరువు టైము. పొద్దున ఎమ్మెల్యే శంకుస్థాపన, ఆ తర్వాత తహసీల్దార్ ఆఫీసు, మధ్యలో హైవే మీద యాక్సిడెంట్, మధ్యాహ్నం నాలుగింటికల్లా అన్నీ టైపు చేసి పంపాలి. ఒకచోట అరపూట కూర్చుని చూస్తే తప్ప దొరకని వార్తలు అతని చేతికి అందవు. ఆ అరపూట కాలేజీ విద్యార్థి దగ్గర ఉంటుంది. జిల్లాలో ఇంటర్న్‌షిప్ దొరికేది అక్కడే, ఇంకెక్కడో వెతికి లాభం లేదు.

పొగాకు వేలం కేంద్రాన్నే తీసుకోండి. టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి, ఇలా ఈ ప్రాంతంలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు చాలానే ఉన్నాయి. సీజన్ మొదలైన రోజు అన్ని పేపర్లలోనూ వార్త వస్తుంది: వేలం ప్రారంభం, కిలోకు గరిష్ఠ ధర ఇంత, పాల్గొన్న అధికారులు వీళ్లు. ఆ గరిష్ఠ ధర ఎన్ని బేళ్లకు, అంటే ఎన్ని పొగాకు కట్టలకు పలికిందో ఎవరూ రాయరు. వరసల మధ్య నిలబడి ఒక పూట చూస్తే అసలు కథ కనపడుతుంది. బయ్యర్లు బేలు ముందు ఆగి ఆకు చేత్తో పట్టి చూసి ముందుకు వెళ్లిపోతే అది 'నో బిడ్'. రైతు ఆ బేలును తిరిగి ఇంటికి తోలుకుపోవాలి, మళ్లీ తన వంతు వచ్చినప్పుడు తేవాలి, రెండుసార్లూ ట్రాక్టరు కిరాయి అతని మీదే పడుతుంది. ఒక రోజు ఎన్ని బేళ్లు వచ్చాయి, ఎన్ని వెనక్కి వెళ్లాయి, అందులో లోగ్రేడ్ ఎంత, కిరాయి ఎంత అయింది, ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడి, కేంద్రం అధికారి మాట కూడా తీసుకుని రాస్తే అది జిల్లా పేజీలో పైన పెట్టే వార్త. దానికి కావాల్సిందల్లా ఒక నోటుబుక్కు, నిలబడే ఓపిక.

ఇంకో సంగతి. పొగాకులో వర్జీనియా రకం బోర్డు వేలంలో అమ్ముడవుతుంది, బర్లీ రకాన్ని వ్యాపారులు, కంపెనీలు బయటే కొంటారు. 2025లో నల్ల బర్లీ కొనేవాళ్లు లేక రైతులు రోడ్డెక్కితే ప్రభుత్వం సహకార సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. ఈ రెండు రకాల తేడా తెలియకుండా 'పొగాకు రైతుల ఆవేదన' అని రాసుకెళ్తే, డెస్కులో ఈ ప్రాంతం తెలిసిన మనిషి ఎవరున్నా మొదటి పేరా దగ్గరే పక్కన పెట్టేస్తాడు. తెలిసినవాడిలా రాస్తే మాత్రం ఎవరి అబ్బాయివి, ఏ కాలేజీ అని ఆరా తీస్తారు. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ అంటే దాదాపు అదే.

అందుకని దరఖాస్తు కంటే ముందు వార్త వెళ్లాలి. ఇన్‌ఛార్జికి పంపే వాట్సాప్ మెసేజ్ నాలుగు ముక్కల్లో ఉంటే చాలు: 'నమస్తే సార్, కావలిలో బీఏ సెకండియర్ చదువుతున్నాను. మా ఊరు కలిగిరి దగ్గర. వేలం కేంద్రంలో ఈ వారం వెనక్కి వెళ్లిన బేళ్ల మీద వివరాలు సేకరించాను, రైతుల ఫొటోలు, అధికారి వివరణ ఉన్నాయి. మీకు పనికొస్తే పంపిస్తాను, సెలవుల్లో రెండు నెలలు మీ దగ్గర పని నేర్చుకోవాలని ఉంది.' ఇది పొద్దున పదకొండు లోపు వెళ్లాలి. సాయంత్రం ఆరు తర్వాత పేజీల హడావుడిలో ఉన్న మనిషికి ఫోన్ చేస్తే ఎంత మంచివాడైనా విసుక్కుంటాడు. ఒకే వార్తను ఒకేసారి నాలుగు పేపర్లకు పంపకండి. బ్యూరోల మధ్య పోటీ ఎంత ఉన్నా, వాళ్లు రోజూ ఒకే ప్రెస్‌మీట్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లే, సాయంత్రానికల్లా విషయం తెలిసిపోతుంది.

వార్తలు ఎక్కడ దొరుకుతాయి అనేది ఈ ప్రాంతంలో పెద్ద ప్రశ్న కాకూడదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లుగా ఉన్న బాధ. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గురించి రాయనివాళ్లు లేరు గానీ ముంపు గ్రామాల వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో వెళ్లి చూసేవాళ్లు తక్కువ. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పనిచేసే కూలీలు, మార్కాపురం పలకల పరిశ్రమ, ఉదయగిరి చెక్క గరిటెలు చేసే కుటుంబాలు, రొయ్యల చెరువుల కింద ఉప్పెక్కిన పొలాలు, రొట్టెల పండగ అయిపోయిన మర్నాడు స్వర్ణాల చెరువు దగ్గర చెత్త ఎత్తే మున్సిపల్ కార్మికులు. సోమవారం పొద్దున నెల్లూరు కలెక్టరేట్‌లో తిక్కన ప్రాంగణం దగ్గరో, ఒంగోలు ప్రకాశం భవన్ దగ్గరో అర్జీలు పట్టుకుని నిలబడ్డ వాళ్ల వరసలో ఒక గంట నిలబడితే చాలు. విలేకర్లు లోపల కలెక్టర్ ఏం చెప్పారో రాసుకుంటుంటారు. బయట అదే అర్జీ మూడోసారి తెచ్చినవాళ్లు ఉంటారు, వాళ్ల సంచిలో పాత రసీదులు కూడా ఉంటాయి.

ఊళ్లో చిన్న విషయం చిన్నగానే ఉండిపోతుందనుకోనక్కర్లేదు. 1992లో కలిగిరి ప్రాంతంలోని దూబగుంటలో వయోజన విద్య తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ వార్త ఊరి నుంచి ఊరికి పాకడంలో తెలుగు పత్రికల పాత్ర తక్కువేమీ కాదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ప్రకాశం జిల్లా పేరే చూడండి, 1920లలో మద్రాసు నుంచి స్వరాజ్య పత్రిక నడిపిన టంగుటూరి ప్రకాశం పేరు అది. పత్రిక నడిపిన మనిషి పేరున్న జిల్లాలో జర్నలిజం నేర్చుకోవడానికి చోటు లేదంటే ఎవరో నవ్వాలి.

పెద్ద పేపర్లు ఒక్కటే దారి కూడా కాదు. నెల్లూరులో జమీన్ రైతు లాంటి వారపత్రిక స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది. చిన్న పత్రికలో మనుషులు తక్కువ కాబట్టి వచ్చినవాళ్లకు అన్ని పనులూ తగులుతాయి, ప్రూఫ్ దిద్దడం దగ్గర్నుంచి ఫొటో కింద రెండు లైన్లు రాయడం దాకా. లోకల్ కేబుల్ చానళ్లలో మైకు తొందరగానే చేతికొస్తుంది, అయితే అక్కడ 'బైట్' తీసుకోవడమే, అంటే ఎవరో చెప్పిన రెండు మాటలు రికార్డు చేసుకోవడమే పని అయిపోయి, ప్రశ్న అడగడం నేర్చుకోకుండానే సెలవులు అయిపోయే ప్రమాదం ఉంది. ప్రజాశక్తి, విశాలాంధ్ర లాంటి పార్టీ పత్రికల్లో కూలీలు, అంగన్‌వాడీలు, కౌలు రైతుల వార్తలకు చోటెక్కువ, వాటి రాజకీయం ఏమిటో తెలుసుకుని వెళ్తే నేర్చుకునేది చాలా ఉంటుంది. ఇంగ్లీషు వస్తే ఇంగ్లీషు పత్రికల జిల్లా ప్రతినిధుల్ని కలవాలి. వాళ్లు ఒక్కొక్కరే జిల్లా అంతా చూస్తుంటారు, ఊళ్లల్లో మాట్లాడి వివరాలు తెచ్చే మనిషి వాళ్లకు నిజంగానే అవసరం. పి.సాయినాథ్ మొదలుపెట్టిన పారి వెబ్‌సైట్ పల్లె జీవితం మీద విద్యార్థుల చేత కూడా రాయిస్తుంది, దానికి హైదరాబాద్ వెళ్లి గది తీసుకోవాల్సిన పని లేదు, సొంత ఊరి గురించే రాయొచ్చు. నెల్లూరు వాళ్లు ఇంకోటి మర్చిపోతుంటారు: హైదరాబాద్ కంటే చెన్నై చాలా దగ్గర, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ముందే దిగొచ్చు.

సమాచార శాఖ జిల్లా ఆఫీసు, అంటే డీపీఆర్ఓ ఆఫీసు, ఎవరూ పట్టించుకోని చోటు. రోజూ కలెక్టర్ కార్యక్రమాల ప్రెస్‌నోట్లు అక్కడి నుంచే వెళ్తాయి. అక్కడ పని చేయడం జర్నలిజం కాదు, ప్రభుత్వ ప్రచారం. అయినా రెండు వారాలు కూర్చుంటే, ఒక ప్రెస్‌నోట్ మర్నాడు ఐదు పేపర్లలో ఎలా వచ్చిందో, ఎవరు ఉన్నదున్నట్టు దింపేశారో, ఎవరు ఒక ఫోన్ చేసి ఇంకో విషయం రాబట్టారో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆ పోలికలో నేర్చుకునేది జర్నలిజం పుస్తకంలో దొరకదు.

ఇక జాగ్రత్తలు. డబ్బులు తీసుకుని ఐడీ కార్డు, మెడలో ట్యాగు, బండికి 'ప్రెస్' స్టిక్కరు ఇచ్చే యూట్యూబ్ చానళ్లు, పేరు తప్ప పత్రిక లేని పత్రికలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూస్తే చాలు, మోసమో కాదో తెలిసిపోతుంది. మీ నుంచి వాళ్లకు పోతుంటే అది ఇంటర్న్‌షిప్ కాదు. కార్డు ఇచ్చి యాడ్స్ తెమ్మన్నా, క్వారీ వాళ్ల దగ్గరకో ఆర్ఎంపీ డాక్టరు దగ్గరకో వెళ్లి 'మాట్లాడి రమ్మన్నా' అక్కడి నుంచి ఆ రోజే బయటికి రావాలి, ఎందుకంటే దాన్ని బెదిరింపు వసూలు అంటారు, కేసు అయితే ఇరుక్కునేది కార్డు మీద ఫొటో ఉన్న కుర్రాడే. సర్టిఫికెట్ కొనుక్కోవడం ఇంకో రకం. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు: ఫస్టియర్ తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరు. ఆలోచన మంచిదే. కానీ అన్ని వేలమందికి పని చూపించే సంస్థలు జిల్లాల్లో ఎక్కడున్నాయి? దాంతో పని లేకుండా సర్టిఫికెట్ అమ్మే వ్యాపారం పుట్టుకొచ్చింది. మీ బ్యాచ్‌కు ఇప్పుడు ఏ నిబంధన వర్తిస్తుందో కాలేజీలో రాతపూర్వకంగా కనుక్కోండి, సీనియర్ చెప్పిన మాట మీద ఆగిపోవద్దు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలేజీకి లెటర్‌హెడ్ మీద సంతకం, లాగ్‌బుక్, చివర్లో సర్టిఫికెట్ కావాలి. మీకు నిజంగా పని నేర్పే మండల విలేకరి సంస్థ ఉద్యోగే కాదు, ఆయన సంతకం చెల్లదు. బ్యూరో ఇన్‌ఛార్జి ఇవ్వాలంటే హెడ్డాఫీసును అడగాలంటాడు. ఈ సంగతి మొదటి వారంలోనే తేల్చుకోవాలి. తేలకపోతే చిన్న పత్రిక ఎడిటర్ దగ్గరో, సమాచార శాఖలోనో అధికారికంగా చేరి, విలేకరి వెంట తిరగడం దానికి అదనంగా పెట్టుకోవడం నయం.

స్టైపెండ్ గురించి ఆశ పెట్టుకోవద్దు. కంట్రిబ్యూటర్‌కే సరిగా రాని చోట ఇంటర్న్‌కు ఎవరిస్తారు? ఇది అన్యాయమే, ఇంట్లో ఇబ్బంది ఉన్న పిల్లలు ఈ వైపు రాలేకపోవడానికి ఇదీ ఒక కారణం. కనీసం బస్సు ఖర్చులు, పెట్రోలు ఎవరివో ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సొంత మండలంలోనే పని పెట్టుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి తిరగడం కొంత తేలికయింది. వాళ్లకు బస్సు ఒక్కటే సమస్య కాదనుకోండి. మండల విలేకర్లలో ఆడవాళ్లు చాలా తక్కువ, ఎవరి బండి వెనక కూర్చుని వెళ్లాలి, ఎంత రాత్రవుతుంది అని ఇంట్లో టెన్షన్ పడతారు. ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి ఒకే అంశం మీద పనిచేస్తామని అడగడం, పని వేళలు ముందే చెప్పించుకోవడం, ప్రెస్‌మీట్ల కంటే ఆసుపత్రి, అంగన్‌వాడీ, హాస్టళ్ల వార్తలు ఎంచుకోవడం కొందరికి కుదురుతోంది. పైగా ఆ చోట్ల ఆడపిల్లలతో జనం చెప్పుకునేంతగా మగ విలేకరితో చెప్పుకోరు.

వెళ్లేముందు చేతికి రావాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది తెలుగు టైపింగ్. ఫోన్లో వాయిస్ టైపింగ్ చేసి పంపే అలవాటు మంచిదే గానీ అది ఊళ్ల పేర్లను చంపేస్తుంది, వింజమూరును ఇంకేదో చేస్తుంది. యూనికోడ్‌లో తప్పుల్లేకుండా కొట్టడం వస్తే డెస్కు వాళ్లకు సగం పని తగ్గుతుంది, యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు, అను ఫాంట్స్ మీద కూడా చెయ్యి తిరిగితే చిన్న పత్రికల్లో ఆ ఒక్కదానికే కూర్చోబెట్టుకుంటారు. రెండోది సమాచార హక్కు చట్టం. 2005 చట్టం కింద మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు కట్టి అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. రెండు నెలల ఇంటర్న్‌షిప్ అనుకుంటే మొదటి వారంలోనే అర్జీ పడాలి, లేకపోతే జవాబు వచ్చేసరికి మీరు కాలేజీలో ఉంటారు. మూడోది చట్టం విషయంలో భయం, అంటే ఉండాల్సిన భయం. లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఊరు, చదివే స్కూలు, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇదే చెబుతుంది. పేపర్లో రాకుండా డెస్కు ఆపుతుంది, మీ వాట్సాప్ స్టేటస్‌ను ఎవరూ ఆపరు.

చివరగా, పేరు గురించి. ఇంత తిరిగి రాశాక బైలైన్, అంటే వార్త మీద మీ పేరు వస్తుందనుకుంటే నిరాశే. జిల్లా పేజీలో కంట్రిబ్యూటర్ వార్త మీద ఊరి పేరు, పక్కన 'న్యూస్‌టుడే' అనో పత్రిక పేరో ఉంటుంది, అంతే. అందుకే వార్త వచ్చిన రోజే ఈ-పేపర్ పేజీ తేదీతో సహా దాచుకోండి, తర్వాత వెతికితే అన్నీ దొరకవు. మీరు పంపిన అసలు కాపీ, నోటుబుక్కు పేజీల ఫొటోలు దానికి జతచేసి పెట్టుకోండి. ఆ వార్త కోసం ఫలానా విద్యార్థి పనిచేశాడని ఇన్‌ఛార్జి చేత ఒక చిన్న మెయిల్ రాయించుకోండి. సర్టిఫికెట్ ఇవ్వడానికి హెడ్డాఫీసు పర్మిషన్ కావాలనే మనిషి కూడా దీనికి అడ్డు చెప్పడు. రేపు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో జర్నలిజం కోర్సు సీటుకు కూర్చున్నప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు అడిగేది 'ఈ వార్త మీకెలా దొరికింది' అని. అప్పుడు చెప్పడానికి వేలం కేంద్రంలో నిలబడ్డ ఆ పూట ఉంటుంది.